మంచినీళ్లు అని రాశాను

నేను అక్షరాలు రాసి బతికేవాణ్ణి. గాజువాక ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ముప్ఫై ఏళ్లకు పైగా బ్రష్షు పట్టుకుని తిరుగుతున్నాను. లారీ తలుపుల మీద ఓనర్ల పేర్లు, ట్రాలీల వెనక నంబర్లు, టాంకర్ల మీద హెచ్చరికలు, అన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. రాయమన్నది రాయడం నా పని, అది నిజమో కాదో చూడటం నా పని కాదని గట్టిగా నమ్మేవాణ్ణి. 'మెల్లగా వెళ్లండి' అని నా చేత రాయించుకుని, రంగు ఆరకముందే దుమ్ము లేపుకుంటూ పోయిన డ్రైవర్లు ఎంతమందో. నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. అలా నవ్వుకుంటూనే ఒకరోజు ఒక టాంకీ మీద నాలుగక్షరాల మాట రాశాను. ఆ మాట మా అక్కను చావు దాకా తీసుకెళ్లింది. ఇంతకాలమైనా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ముందు డీజిల్ సంగతి చెప్పాలి. పొలానికి తీసుకెళ్లే డీజిలే కదా, డబ్బాలో పోసుకుని పోతే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. దానికి బోలెడు రూల్సు ఉన్నాయి. టాంకీల మీద రాసి రాసి, షెడ్డు మేస్త్రీ నోట విని విని నాకు అవి కంఠతా వచ్చేశాయి. ఒక్కో టాంకీ వెయ్యి లీటర్లు దాటకూడదు. అన్నీ కలిపి రెండున్నర వేల లీటర్లు దాటకూడదు. ఆ లోపల ఉంటే రైతుకు లైసెన్సు అక్కర్లేదు. అందుకే మా షెడ్డులో పొలం టాంకీ అంటే తొమ్మిది వందల తొంభై లీటర్లే. మేస్త్రీ దాన్ని టాంకీ అని కూడా అనడు, 'తొంభై' అంటాడు. 'ఈ వారం రెండు తొంభైలున్నాయి' అంటాడు.

ఆ తొంభైని ఉక్కు రేకుతోనే కట్టాలి. మేడ మీద పెట్టుకునే ప్లాస్టిక్ టాంకీలో డీజిల్ పోసి ట్రాక్టర్ మీద తీసుకెళ్తానంటే మేస్త్రీ ఆ మనిషిని షెడ్డులోంచి బయటికి పంపేస్తాడు. మలుపు తిరిగేటప్పుడు లోపలి డీజిల్ ఒకేసారి పక్కకు పోయి బండిని పడేయకుండా లోపల అడ్డ రేకులు వేయాలి. ఎండకు డీజిల్ ఉబ్బుతుంది కాబట్టి మూత దాకా నింపకూడదు. గాలి పోయే సన్నటి గొట్టం పైన ఉండాలి. ట్రాలీకి బోల్టులతో బిగించాలి, తాడుతో కట్టడం కుదరదు. కొళాయికి తాళం ఉండాలి. మంటలార్పే సిలిండరు చేతికి అందేచోట ఉండాలి. టాంకీ మీద మనుషులు ఎక్కి కూర్చోకూడదు. ఇవన్నీ షెడ్డువాళ్లు, బండివాళ్లు చూసుకోవాల్సినవి. నా వాటాకు వచ్చేది ఆఖరిది ఒక్కటే. లోపల ఏముందో బయట రాయాలి. రెండు పక్కలా, వెనకా, దూరం నుంచి వచ్చేవాడు కూడా చదివేంత పెద్ద అక్షరాలతో. అన్నిటికంటే సులువైన పని నాదే. కంపెనీ పెట్టనక్కర్లేదు, కాగితం తేనక్కర్లేదు, డబ్బాడు రంగు చాలు.

ఆ సులువైన పనినే నేను చెడగొట్టాను.

అతను సబ్బవరం దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి రైతు. సొంత పొలంతో పాటు ట్రాక్టర్లు, వరి కోసే మిషను అద్దెకు తిప్పుతాడు. వాటన్నిటికీ డీజిల్ కావాలి. బంకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరం. అందుకని ఒక తొంభై కట్టించుకున్నాడు. మనిషి మంచివాడు, అబద్ధమెందుకు. మేస్త్రీ చెప్పినవన్నీ మారు మాట్లాడకుండా చేయించుకున్నాడు. రేకు మందం తనే కొలుచుకున్నాడు. అడ్డ రేకులు రెండు కాదు, మూడు వేయమన్నాడు. కొళాయికి ఇత్తడి తాళం తెచ్చుకున్నాడు. అంత జాగ్రత్త గల మనిషిని నేను ఆ షెడ్డులో ఎక్కువ మందిని చూడలేదు.

మాటల్లో మా అక్క వాళ్లది ఆ పక్క ఊరేనని తెలిసింది. అంతే, ఆ నిమిషం నుంచి నన్ను 'బావా' అనడం మొదలుపెట్టాడు. మా వైపు బావ అనే పిలుపుకు చుట్టరికం అక్కర్లేదు. బస్సులో పక్క సీటువాడు కూడా గాజువాక దాటేలోపు బావ అయిపోతాడు.

టాంకీకి రంగు నీలం కొట్టించాడు. డీజిల్ టాంకీకి నీలం ఏమిటా అనుకుంటూనే ఎర్ర రంగు డబ్బా మూత తీశాను. 'డీజిల్', దాని కింద 'మండును', పక్కన 'పొగ తాగరాదు', ఇవి నేను కళ్లు మూసుకుని రాయగలను. సుద్ద దారంతో గీతలు కొడుతుంటే అతను నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"బావా, డీజిలని రాయకు."

"మరేటి రాయమంటావ్?"

"మంచినీళ్లు అని రాయి."

సుద్ద దారం చేతిలోంచి జారిపోయింది. వేళాకోళం ఆడుతున్నాడేమో అని ముఖం చూశాను. ఆడటం లేదు.

"నీకు మతి గానీ పోయిందేటి? లోపల పోసేది ఏటి, పైన రాసేది ఏటి?" అన్నాను.

"విను బావా. డీజిలని రాత్తే జంక్షన్ జంక్షన్‌కీ ఆపేత్తన్నారు. కాగితాలన్నీ ఉన్నా గంటసేపు నిలబెట్టేత్తన్నారు. పోనీ పొలం కాడ ఒగ్గీసి ఇంటికెల్దామంటే, డీజిలని సదివినోడెవుడైనా పైపు పెట్టి లాగేత్తాడు. నీళ్ల టాంకీని ఎవుడాపుతాడు? ఎవుడు దొంగతనం సేత్తాడు?"

నాకు కోపం తన్నుకొచ్చింది. నా కోపం గురించి ఆటోనగర్ అంతా తెలుసు. బ్రష్షును తార్పీను డబ్బాలో విసిరికొట్టి, ఇలాంటి రాతలు రాయను, వేరేవాణ్ణి చూసుకో అని అరిచాను. షెడ్డులో వెల్డింగు చేస్తున్నవాళ్లు కూడా ఆపి చూశారు. అతను చలించలేదు. నవ్వుతూ, భుజం మీద చేయి వేసి, చాలా మెత్తగా అన్నాడు.

"సరే బావా, నీకిష్టం నేకపోతే ఒగ్గీ. ఎదురు షాపులో స్టిక్కరోడు పది నిమిసాల్లో అంటించేత్తాడు. నీ రాత బాగుంటాదని అందరూ అంటే నీ దగ్గరికొచ్చినాను గానీ."

ఇదిగో, ఇక్కడ పడ్డాను నేను. ఎదురు షాపులో కంప్యూటరుతో రేడియం స్టిక్కర్లు కోసి అంటించేవాడు వచ్చినప్పటి నుంచి నా పని సగానికి పడిపోయింది. ఆ స్టిక్కర్లలో తలకట్టు ఎక్కడ ఉండాలో, ఒత్తు ఎక్కడ పడాలో తెలియదు. 'ళ్ల' రాయమంటే 'ళ' కింద 'ల' ఎక్కడో వేలాడుతూ ఉంటుంది. ఆ నీలం టాంకీ మీద వాడి వంకర అక్షరాలు ఊహించుకుంటే ఒళ్లు మండింది. లోపల డీజిల్ ఉందన్న సంగతి వెనక్కి పోయింది. మనిషికి ఏ కారణం చేత మతి పోతుందో చెప్పలేం. నాకు 'ళ్ల' చేత పోయింది.

రాశాను. రెండు పక్కలా, వెనకా. తెల్ల రంగుతో, ముదురు నీలం నీడ పెట్టి, నా జీవితంలో అంత అందంగా రాసిన మాటలు పది ఉంటాయేమో. రాయడం అయిపోయాక ఇంకా ఖాళీ ఉందని, ఎవరూ అడగకుండా, పక్కన ఒక నీటి చుక్క కూడా వేశాను. దానికి మెరుపు కూడా పెట్టాను. ఆ చుక్క గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మాటంటే అతను రాయమన్నాడు. చుక్క ఎవరు వేయమన్నారు?

మేస్త్రీ వచ్చి చూసి ఒక్క మాట అన్నాడు. "టాంకీ నాను రూలు ప్రకారం కట్టినాను. నువ్వేటి రాసినావో నాకు తెల్దు." అని వెళ్లిపోయాడు. నాకు ఆ మాట నచ్చలేదు. తనేదో పెద్ద మనిషైనట్టు అనిపించి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

నెల తర్వాత కాబోలు, అనకాపల్లి వైపు ఒక రైస్ మిల్లు గేటు మీద పేరు రాయడానికి స్కూటర్ మీద వెళ్తున్నాను. దారిలో టీ బడ్డీ దగ్గర ఆ ట్రాక్టరు, వెనక నా నీలం టాంకీ. దూరం నుంచే నా అక్షరాలు కనబడ్డాయి, సిగ్గు లేకుండా గర్వపడ్డాను. టీ తాగుదామని స్కూటర్ ఆపాను. అప్పుడే లారీలోంచి దిగిన ఒక ముసలి డ్రైవరు, తువ్వాలు భుజాన వేసుకుని, ముఖం కడుక్కోవడానికి ఆ టాంకీ కొళాయి కిందికి వంగాడు. తాళం కొళాయికి లేదు, పక్కన తీగకు ఊరికే వేలాడుతోంది. పని రోజుల్లో మాటిమాటికీ తీయడం విసుగని వదిలేసినట్టున్నారు.

స్కూటర్ స్టాండు వేసి అటు పరిగెత్తాను. నేను చేరేలోపే ఆ ముసలాయన దోసిలి పట్టి కొళాయి తిప్పేశాడు. దోసిలి నిండింది. ముఖం దగ్గరికి తెచ్చుకునేసరికి ట్రాక్టర్ డ్రైవరు బడ్డీలోంచి "తాతో! ఆగు, అది డీజిలు!" అని గావుకేక పెట్టాడు. ముసలాయన దోసిలి విడిచి వాసన చూసుకున్నాడు. టాంకీ మీది అక్షరాలను చూశాడు, చేతులు చూసుకున్నాడు.

"మరి మంచినీళ్లని రాసినారేటి నాయినా?" అన్నాడు.

బడ్డీ దగ్గర అందరూ పగలబడి నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్షరాలను మనుషులు నమ్ముతారని, చదివినదాన్ని చదివినట్టే చేస్తారని ముప్ఫై ఏళ్ల తర్వాత ఆరోజు నాకు తెలిసింది. ఎంత సిగ్గుచేటో చూడండి. టీ తాగకుండానే అక్కణ్ణుంచి రైతుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. రాత మార్చేస్తాను, ఒకసారి షెడ్డుకు తోలుకు రమ్మన్నాను.

అతను ఫోన్లో గట్టిగా నవ్వాడు. "ముసిలోడు తాగలేదు కదా బావా. కోతలు నడుస్తన్నాయి, టాంకీ ఒక్క పూట కూడా ఖాళీ నేదు. పండగెల్నాక మార్చేద్దాంలే."

"నువ్వు తేకపోతే నానే వొచ్చి రాత్తాను," అన్నాను.

"రా బావా, బోజనం పెడతాను," అన్నాడు.

ఆ సాయంత్రమే గాజువాకలో ఎర్ర ఎనామిల్ డబ్బా కొని స్కూటర్ డిక్కీలో పెట్టాను. వచ్చే ఆదివారం వెళ్లి రాసేయాలి. ఒక పూట పని. ఆ ఆదివారం ట్రాన్స్‌పోర్టువాళ్ల లారీలు ఆరు ఒకేసారి వచ్చాయి. ఆ పై ఆదివారం మా ఆవిడ పుట్టింటివాళ్లది పెళ్లి. మూడో ఆదివారం ఏ పనీ లేదు. బద్ధకంగా ఉందని పడుకున్నాను. మా ఆవిడ అడిగింది కూడా. "సబ్బవరం ఎల్తానన్నావు, ఎల్నేదేటి?" వచ్చేవారం చూద్దాంలే అన్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం తగ్గిపోయింది. ముసలాయన నవ్వాడు కదా, అందరూ నవ్వారు కదా, ఏమీ కాలేదు కదా అనుకున్నాను. ఎర్ర డబ్బా మూత కూడా తీయలేదు.

నాలుగో వారం, బుధవారం, మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ మోగింది. మా బావ. ఈయన నిజం బావ, మా అక్క భర్త. ఎప్పుడూ మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకునే మనిషి ఫోన్ చేశాడంటేనే ఏదో అయిందనుకున్నాను.

"బామ్మర్దీ, మీ అక్క కాలిపోనాది. పెద్దాసుపత్రికి తెత్తన్నారు. బేగి రా."

"ఏటి? గ్యాసా?"

"గ్యాసు కాదు. నీళ్లనుకున్నారు. డీజిలంట."

చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. అడగాలని లేదు, అడగకుండా ఉండలేను. "ఏ టాంకీ?" అన్నాను.

"నీలం టాంకీ. పక్క ఊరోళ్లది."

తర్వాత నేను కంచం ఎక్కడ పెట్టానో, స్కూటర్ ఎలా తీశానో తెలియదు. మా ఆవిడ వెనక నుంచి పిలుస్తూ ఉంది. హైవే మీద ఏ లారీ వెనక చూసినా నా రాతే కనబడింది. 

జరిగింది ఇది. మా అక్క వాళ్ల ఊళ్లో బెల్లం వండే పాక ఒకటి ఉంది. చెరుకు గడలు మిషన్లో వేసి రసం తీస్తారు, పిప్పిని ఎండబెట్టి అదే పొయ్యిలో మంట పెడతారు. అక్క అక్కడ కూలికి పిప్పి ఆరబోసి కుప్ప వేసే పని చేస్తుంది. ఆరోజు గాలి ఎక్కువగా ఉంది. పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచి పిప్పి కుప్ప మీద పడింది. ఎండిన పిప్పి అంటుకుంటే ఎంతసేపు? పాకలో బెల్లం వండేవాళ్లు, గడలు మోసేవాళ్లు, నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. బోరు మోటారు వేద్దామంటే కరెంటు లేదు. తొట్టిలో ఉన్న నీళ్లు రెండు నిమిషాల్లో అయిపోయాయి. సరిగ్గా అప్పుడే రోడ్డు పక్కన ఆ ట్రాక్టరు ఆగి ఉంది. డ్రైవరు చుట్టల కోసం కొట్టుకు వెళ్లాడు. ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని టాంకీ దగ్గరికి పరిగెత్తారు. కొళాయికి తాళం లేదు. మొదటి బకెట్ నింపుకున్నది అక్క. పొగలో అందరికీ కళ్లూ ముక్కూ మండిపోతున్నాయి, వాసన తెలిసే స్థితి కాదన్నారు. అక్క బకెట్ ఎత్తి మంట మీద పోసింది. మంట కుప్ప మీద నుంచి లేచి బకెట్ దాకా వచ్చింది. ఆమె చేతులూ చీర చెంగూ అప్పటికే డీజిల్‌తో తడిసి ఉన్నాయి. బెల్లం వండే ఆయన గోనెసంచి కప్పి పక్కకు లాగాడు కాబట్టి ప్రాణంతో ఆస్పత్రికి చేరింది.

ఆ నలుగురిలో చదువు వచ్చింది మా అక్క ఒక్కతికే. ఇది కూడా మా బావే చెప్పాడు. ఆ చదువు చెప్పింది నేను. మా నాన్న పోర్టులో కళాసీ. పోర్టు పక్కన పాత ఊళ్లో మా ఇంటి అరుగు మీద ఖనిజం దుమ్ము ఎర్రగా, మెత్తగా పేరుకుపోయేది. నాకంటే ఆరేళ్లు పెద్దదైన అక్క నన్ను ఎత్తుకుని పెంచడానికి బడి మానేసింది. నేను బడి నుంచి వచ్చి ఆ దుమ్ములో వేలితో అక్షరాలు దిద్దేవాణ్ణి. చీపురు పట్టుకుని ఊడవడానికి వచ్చిన అక్క, ఊడ్చే ముందు ఒక్కో అక్షరం నన్ను అడిగి నేర్చుకునేది. అలా వచ్చిన చదువు. చదవడం వచ్చాక ఆమెను పట్టలేకపోయాం. బస్సు బోర్డులు, పప్పు పొట్లం కట్టిన కాగితాలు, గోడల మీద రాతలు, కనబడినదల్లా పైకి చదివేది. చదవడం రాకపోయి ఉంటే ఆరోజు ఆమె ఆ టాంకీ దగ్గరికి పోయేది కాదు. 

కాలినవాళ్ల వార్డులో డాక్టరు మూడు రోజులు గడవాలన్నారు. అక్కను దోమతెర లాంటిది కప్పి పడుకోబెట్టారు. రెండు చేతులూ భుజాల దాకా, మెడ, గడ్డం కాలిపోయాయి. కళ్లు తెరవడం లేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు. బావ నా చేయి పట్టుకుని, "నువ్వొచ్చినావు, నాకు దైర్యంగుంది," అన్నాడు. ఆ మాట వింటూ నిలబడ్డానంటే నేనెలాంటి మనిషినో నాకే ఆశ్చర్యంగా ఉంది.

సాయంత్రం వార్డు బయట వరండాలోకి విచారణ కోసం ఒక ఆఫీసరు వచ్చారు. ఆయనతో పాటు ఒక పోలీసు, వాళ్ల వెనక ఆ రైతు. రైతు ముఖం పాలిపోయి, ఒక్క పూటలో పదేళ్లు పైబడినట్టు ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో టాంకీ కాగితాలు. ఆఫీసరు ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. టాంకీ ఎన్ని లీటర్లు? వెయ్యి లోపే. రేకా, ప్లాస్టిక్కా? రేకే. అడ్డ రేకులు? మూడు. గాలి గొట్టం? ఉంది. బోల్టులు? ఉన్నాయి. మంటలార్పే సిలిండరు? ట్రాక్టర్ సీటు పక్కనే ఉంది, పనిచేస్తోంది. సిలిండరు అక్కడే ఉంది! మా అక్క దాని పక్క నుంచే పరిగెత్తి కొళాయి తిప్పింది. మంటలార్పేది చేతికందే దూరంలో ఉండగా మంట పెంచేది పట్టుకెళ్లింది, నేను రాసిన మాట చదివి.

ఆఫీసరు పెన్ను ఆపారు. "తాళం సంగతి తర్వాత చూద్దాం. అన్నీ బాగానే చేయించావు. లోపలున్నదాని పేరు రాయించడానికేమైంది నీకు? ఎవరు రాశారది?"

రైతు తలెత్తి నన్ను చూశాడు. తర్వాత నేల చూపులు చూశాడు.

"షెడ్డులో ఎవులో రాసినారండి. పేరు తెల్దు."

నన్ను కాపాడటానికి అన్నాడో, భయంతో అన్నాడో తెలియదు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. ఆఫీసరు 'పేరు తెలియదు' అని రాసుకుని వెళ్లిపోయారు. చిన్న మాటకు షెడ్డు ఎగిరిపోయేలా అరిచే నేను, అరవాల్సిన చోట పిల్లిలా నిలబడ్డాను. 

మర్నాడు ఉదయం ఆ ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టారు. "పేషెంటు తమ్ముడివి కదూ?" అన్నారు. అవునన్నాను. ఆ టాంకీ మీద రాసింది నేనేనని చెప్పాను. నేనే పొరబడి అంటున్నానేమో అన్నట్టు చూశారు.

"లోపల డీజిల్ పోస్తారని నీకు తెలుసా?"

"తెలుసండి."

"తెలిసే రాశావా?"

"తెలిసే రాశానండి. నీటి చుక్క కూడా వేశాను."

ఆయన పెన్ను కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. నా చేత అంతా రాయించి, సంతకం పెట్టించుకుని, పిలిచినప్పుడు రావాలన్నారు. ఇప్పటికీ పిలుస్తున్నారు, వెళ్తున్నాను. రైతును కూడా పిలుస్తున్నారు. ఎదురుపడితే మేమిద్దరం బావా అని పిలుచుకోవడం లేదు.

బావకు నేనే చెప్పాను, వార్డు మెట్ల మీద. "నువ్వా?" అన్నాడు. మళ్లీ కాసేపటికి, "నువ్వేనా?" అన్నాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లోంచి వెళ్లే అన్నం క్యారేజీ మాత్రం నా చేతిలోంచి తీసుకునేవాడు.

మూడు రోజులు గడిచాయి. తర్వాత పది రోజులు. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పిన రోజు ఆ వరండాలోనే కూలబడి ఏడ్చాను. చేతుల సంగతి వేరు. కుడి చేతి వేళ్లు మూడు అతుక్కుపోయాయి, ఆపరేషన్ చేసినా గుప్పిట పడకపోవచ్చన్నారు. అక్క మాట్లాడటం మొదలుపెట్టినా నాతో ఆ టాంకీ ఊసెత్తలేదు. నేను రోజూ వెళ్లి పక్కన కూర్చుని, మా పిల్లల సంగతులు, గాజువాక ట్రాఫిక్ సంగతులు చెప్పి వచ్చేసేవాణ్ణి. బావ చెప్పి ఉండడు, ఆమెకు తెలియదనే అనుకున్నాను. తెలియకపోతేనే మేలని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది.

ఇంటికి పంపిస్తామన్న ముందు రోజు ఇక ఆగలేకపోయాను. నర్సు కట్లు మార్చి వెళ్లింది. వార్డులో ఎండ పడుతోంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తల దించుకునే చెప్పాను.

"అక్కా, ఆ టాంకీ మీద మంచినీళ్లని రాసింది నానే."

అక్క తల తిప్పి నన్ను చూసింది. మెడ కాలిన చోట చర్మం లాగుతున్నట్టుంది, నెమ్మదిగా తిప్పింది.

"నాకు తెల్దేటిరా?" అంది.

నాకు ఏమీ అర్థం కాలేదు. "ఎవులు సెప్పినారు? బావా?"

"ఎవులు సెప్పాలేటి? నీ రాత నాను పోల్చనా? దూరం నుంచే పోల్చీసినాను." కాసేపు ఊపిరి తీసుకుంది. ఎక్కువ మాట్లాడొద్దన్నాను. వినలేదు. "కొళాయి ఇప్పినాక, ఏదో వాసనొస్తందని పక్కనున్నామె అన్నాది. మిగతావోళ్లు ఎనక్కి తగ్గిపోనారు. వొద్దే, పొయ్యకే అన్నారు. నానే వాళ్ల మీద కేకలేసినాను."

"ఏటని?"

"మా తమ్ముడి రాతది, మా తమ్ముడు అబద్దం రాయడని."

ఆ మాట నన్ను నిందించడానికి అనలేదు అక్క. ఇప్పటికీ అది నిజమే అన్నట్టు అంది.